పోర్టు దగ్గరే అడగండి: గుంటూరు, విజయవాడ నెట్‌వర్క్ పనివాళ్లకు బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడ, మంగళగిరి, తెనాలి చుట్టుపక్కల నెట్‌వర్కింగ్ పనులు చేసుకునే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

లైన్లు లాగేవాళ్లు, ర్యాకులు బిగించేవాళ్లు, స్విచ్‌లు కాన్ఫిగర్ చేసేవాళ్లు, కాలేజీల్లో ఆసుపత్రుల్లో నెలజీతానికి సిస్టమ్స్ చూసుకునేవాళ్లు, కేబుల్ నెట్ నడిపేవాళ్లు, మీ అందరికీ కలిపి రాస్తున్న ఉత్తరం ఇది. నేనూ మీలో ఒకణ్ని. ఒకరు వదిలేసిన ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఇంకొకరం తీసుకుంటూ ఉంటాం కాబట్టి ఒకరి సైట్ల సంగతి ఒకరికి తెలుసు. అందుకని దాపరికం లేకుండా చెప్తున్నాను. మనం అప్పజెప్పే నెట్‌వర్కుల్లో చాలావాటిలో ఎవరైనా సరే ఇంకొకరి కంప్యూటర్ అడ్రస్ (ఐపీ) పెట్టుకుని కూర్చోవచ్చు. గదుల కేబుళ్లన్నీ వచ్చి పోర్టుల్లో దిగే పెట్టె స్విచ్, 'నువ్వెవరు' అని అది అడగదు. అడిగించే సెట్టింగ్ ఆ స్విచ్‌లోనే ఉంటుంది, డబ్బు కూడా కట్టేసి ఉంటారు, మనమే ఆన్ చేయం. నేనూ చాలా ఏళ్లు చేయలేదు. దానివల్ల ఏం జరిగిందో ముందు చెప్పి, తర్వాత పని సంగతి మాట్లాడతాను.

విజయవాడలో కానూరు వైపు ఒక ఇంజనీరింగ్ కుర్రాళ్ల హాస్టల్. నాలుగు అంతస్తులు, అంతస్తుకో 48 పోర్టుల స్విచ్, కింద కోర్ స్విచ్, దాని పైన బయటి నెట్ వైపు కాపలా కాసే ఫైర్‌వాల్. గదికో ఐఓ బాక్స్ (గోడలో నెట్ కేబుల్ పెట్టే పెట్టె) బిగించి, లేబుళ్లు అంటించి, అంతా నేనే చేశాను. ఒక సోమవారం పొద్దున వార్డెన్ గారు ఫోన్ చేశారు. శనివారం రాత్రి కాలేజీ పోర్టల్లో ఫిర్యాదుల పేజీలో ఎవరో ఒక లెక్చరర్ మేడమ్ గురించి చదవలేని రాతలు రాశారు. పోర్టల్ సర్వర్ క్యాంపస్‌లోనే ఉంది కాబట్టి రాసిన మిషన్ లోపలి అడ్రస్ లాగ్‌లో పడింది: 10.20.4.57, రాత్రి 9 గంటల 42 నిమిషాలకు. అది ఎవరిదో చెప్పమన్నారు.

నేను కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ తెరిచి, ఏ అడ్రస్ ఎవరికి ఎంతకాలానికి ఇచ్చిందో చెప్పే లీజుల పట్టీ చూశాను. ఆ అడ్రస్ మూడో అంతస్తులో సెకండియర్ చదివే ఒక అబ్బాయి ల్యాప్‌టాప్‌కి ఇచ్చి ఉంది. లీజు గడువు ఇంకా అయిపోలేదు. పది నిమిషాల పని. ఒక కాగితం మీద ప్రింట్ తీసి, కింద సంతకం పెట్టి ఇచ్చేశాను.

మర్నాడు వాళ్ల నాన్నని పిలిపించారు. వినుకొండ అవతల పల్లె, మిర్చి వేసే రైతు. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు. భుజాన కండువా, చేతిలో ప్లాస్టిక్ కవర్లో కొడుకు కోసం తెచ్చిన పచ్చడి సీసా. ఆఫీసు గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు. వార్డెన్ గారు నా కాగితం ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, నన్ను అడిగాడు: "బాబూ, కంప్యూటరు అబద్ధం చెప్పదంట గదా. మరి మావాడు నేను కాదంటన్నాడేంది?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ అబ్బాయి గోడకు ఆనుకుని ఒకే మాట చెప్తున్నాడు: "శనివారం నేను ఊరికెళ్లాను సార్. ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్లాను." గేటు దగ్గర వాచ్‌మన్‌ని రిజిస్టర్ తెమ్మన్నారు. శనివారం సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు బయటికి, ఆదివారం రాత్రి 8 తర్వాత లోపలికి. బాల్‌పెన్‌తో వాచ్‌మన్ రాసిన ఆ వరస నేను కళ్లారా చూశాను. నా సర్వర్ చెప్పిన దానికంటే ఆ పుస్తకమే నిజం చెప్పింది.

జరిగింది ఏమిటంటే, ఆ అబ్బాయి ఊరెళ్లగానే ఆ అడ్రస్ ఖాళీగా పడి ఉంది. హాస్టల్లో ఎవరో తన ల్యాప్‌టాప్‌లో ఆటోమేటిక్ తీసేసి 10.20.4.57 అని చేత్తో టైప్ చేసుకున్నారు. మా స్విచ్ ఏమీ అనలేదు. లీజుల పట్టీలో మాత్రం ఆ అబ్బాయి పేరే ఉంది. అసలు ఎవరో పట్టుకుందామని మూడో అంతస్తు ర్యాక్ దగ్గరికి వెళ్లాను. ఏ నెట్‌వర్క్ కార్డు ఏ పోర్టులో ఉందో స్విచ్ రాసుకునే మ్యాక్ టేబుల్‌లో, కదలిక లేని వరస మామూలుగా 300 సెకన్లకు చెరిగిపోతుంది. శనివారం రాత్రి ఏ పోర్టులోంచి ఆ ప్యాకెట్లు వచ్చాయో చెప్పే ఆధారం ఆ రాత్రే, ఐదు నిమిషాల్లో పోయింది. చేసినవాడు ఎవరో ఈ రోజుకీ తెలియదు.

నా మొదటి కాగితం తప్పని రెండో కాగితం రాసి ఇచ్చాను. అబ్బాయి మీద చర్య ఏమీ తీసుకోలేదు. కానీ ఆ నాలుగు రోజులూ మెస్‌లో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదని తర్వాత తెలిసింది. థర్డియర్‌కి హాస్టల్ మారిపోయాడు. ఆ పెద్దాయన వెళ్లేటప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు, పైగా దణ్ణం పెట్టి వెళ్లాడు. అది నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇక పని సంగతికి వస్తాను. ఈ ఉత్తరాన్ని యాజమాన్యాలు కూడా చదవాలని నా కోరిక కాబట్టి మీకు తెలిసినవి కొన్ని మళ్లీ చెప్తాను, ఓపిక పట్టండి.

ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ఐపీ అడ్రస్ ఒక్కటే చాలదు, అవతలి నెట్‌వర్క్ కార్డు గుర్తు సంఖ్య, అంటే మ్యాక్ అడ్రస్ కావాలి. దానికోసం ఏఆర్‌పీ వాడతారు. వీధిలో నిలబడి "10.20.4.1 ఎవరండీ?" అని కేకేసి, "నేనే" అన్నవాడి మాట నమ్మేయడమే ఏఆర్‌పీ. నిజంగా అతనేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. ఎవరూ అడక్కపోయినా "నేనే గేట్‌వేని (బయటికి పోయే దారిని)" అని చాటుకున్నా చెల్లుతుంది. ఇది 1982లో రాసిన పద్ధతి, ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే ఆర్ఎఫ్‌సీ పత్రాల్లో 826వది. ఒకరినొకరు నమ్ముకునే చిన్న చిన్న నెట్‌వర్కుల రోజులవి. నలభై ఏళ్లు దాటినా మన హాస్టళ్లలో, ఆసుపత్రుల్లో, మిర్చి యార్డు దగ్గర కమీషన్ షాపుల్లో నడుస్తున్నది అదే.

డీహెచ్‌సీపీ కూడా అంతే. కంప్యూటర్ ఆన్ కాగానే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని అందరినీ అడుగుతుంది. ముందు ఎవరు ఇస్తే సాధారణంగా వాళ్లదే తీసుకుంటుంది. ఇచ్చినవాడు అసలు సర్వరా, డ్యూటీ రూములో ఎవరో పెట్టిన చిన్న రూటరా అని చూడదు.

నిజానికి గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో ఇదే జరిగింది. చేసినవాళ్లకు ఏ దురుద్దేశమూ లేదు. ఫోన్‌కి సిగ్నల్ సరిగా రావట్లేదని డ్యూటీ డాక్టర్ల గదిలో ఎవరో ఇంటి నుంచి వైఫై రూటర్ తెచ్చారు. గోడలోంచి వచ్చిన కేబుల్‌ని వాన్ పోర్టులో (బయటి లైన్ దిగేది) పెట్టాల్సింది లాన్ పోర్టులో (లోపలి సిస్టమ్స్‌కి ఇచ్చేది) పెట్టారు. గంటలోపు ఓపీ కౌంటర్లో సగం సిస్టమ్స్‌కి ఆ రూటర్ ఇచ్చే 192.168.0 వరస అడ్రస్‌లు వచ్చేశాయి. ల్యాబ్‌లో శాంపిల్ పరీక్ష అయిపోయింది, రిపోర్ట్ మాత్రం డాక్టర్ స్క్రీన్ మీదికి రాదు. కౌంటర్ దగ్గర జనం చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కో గదీ తిరిగి ఆ రూటర్ దొరికేసరికి మధ్యాహ్నం రెండున్నర. తెలియక చేస్తేనే ఇంత అయితే తెలిసి చేసేవాడు ఏం చేయగలడో ఆలోచించండి. ల్యాబ్ మిషన్ నుంచి సర్వర్‌కి వెళ్లే రిపోర్టులు చాలాచోట్ల ఎన్‌క్రిప్షన్ లేకుండా మామూలు అక్షరాల్లోనే వెళ్తాయి. మధ్యలో గేట్‌వేనంటూ దూరినవాడు వాటిని చదవగలడు, మార్చగలడు కూడా.

"బ్యాంకు సైట్లన్నీ తాళం వేసి పంపే హెచ్‌టీటీపీఎస్సేగా, ఏమవుతుంది" అని ఒక మిత్రుడు అన్నాడు. బ్యాంకు వరకు ఆ మాట నిజమే. కానీ మన సైట్లలో ఉండేది బ్యాంకులు కాదు. సీసీ కెమెరాలు, డీవీఆర్‌లు, బయోమెట్రిక్ మిషన్లు, ప్రింటర్లు, పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు. వీటిలో చాలావాటికి ఏ తాళమూ ఉండదు. పైగా నెట్‌కట్ లాంటి సాఫ్ట్‌వేర్ దించుకుని పక్క గదివాడి నెట్ ఆపేయడం హాస్టళ్లలో కుర్రాళ్లకు ఆట. అది చేసేది కూడా ఏఆర్‌పీలో దొంగ జవాబులివ్వడమే. 'నెట్ స్లో సార్, మాటిమాటికీ కట్ అవుతోంది' అని వచ్చే కంప్లైంట్లలో కొన్ని నిజానికి ఇవే. మనం లైన్ ప్రొవైడర్‌ని తిట్టి ఊరుకుంటాం.

అలాంటి కంప్లైంట్ వస్తే మీరు చేయగల చిన్న పరీక్ష ఒకటుంది. ఆ గదిలో కూర్చుని కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఏఆర్‌పీ టేబుల్ చూపించే కమాండ్ కొట్టండి. గేట్‌వే అడ్రస్ ఎదురుగా ఉన్న మ్యాక్, ఇంకో మామూలు అడ్రస్ ఎదురుగా ఉన్న మ్యాక్ రెండూ ఒకటే అయితే గేట్‌వే వేషంలో ఎవరో కూర్చున్నారేమోనని అనుమానించాల్సిందే. గేట్‌వే అసలు మ్యాక్ ర్యాక్ తలుపు లోపల రాసిపెట్టుకుంటే పోల్చడం తేలిక. నేను ఇప్పుడు ప్రతి ర్యాక్‌లోనూ రాస్తున్నాను.

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఇంకోలా చెప్తాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎంత లెక్కగా నీళ్లు వదిలినా, పిల్లకాలువ మీద రాత్రిపూట ఎవరు తూము ఎత్తుకున్నారో బ్యారేజీకి తెలియదు. అది తెలిసేది ఆ కాలువ మీద తిరిగే లస్కరుకే. మన ఫైర్‌వాల్ బ్యారేజీ లాంటిది. దాని మీద లక్షలు పెట్టిస్తాం. తూము దగ్గర, అంటే గదిలోంచి వచ్చిన కేబుల్ స్విచ్‌లో దిగే పోర్టు దగ్గర, లస్కరుని పెట్టం.

ఆ లస్కరు పని చేసేవి మూడు: డీహెచ్‌సీపీ స్నూపింగ్, డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్, ఐపీ సోర్స్ గార్డ్. ఇవి స్విచ్‌లు తయారుచేసే సిస్కో వాళ్లు పెట్టిన పేర్లు. అరూబాలో ఏఆర్‌పీ ప్రొటెక్ట్ అని, ఐపీ లాక్‌డౌన్ అని ఉంటాయి. డీలింక్, టీపీలింక్ స్విచ్‌లలో ఐపీ-మ్యాక్-పోర్ట్ బైండింగ్ అని వెతకండి. పేరు ఏదైనా పని ఒకటే.

అన్నిటికీ పునాది స్నూపింగ్. అది ఆన్ చేస్తే పోర్టులన్నీ నమ్మకం లేనివిగా లెక్క. అడ్రస్ అడగొచ్చు కానీ ఇవ్వడానికి వీల్లేదు. అసలు సర్వర్ వైపు వెళ్లే అప్‌లింక్‌ని మాత్రం మనం ట్రస్ట్ అని చెప్పాలి. డ్యూటీ రూములో రూటర్ ఎవరైనా పెట్టినా దాని ఆఫర్లు ఆ పోర్టు దగ్గరే చచ్చిపోతాయి. అంతకంటే విలువైనది ఇంకోటి ఉంది. ఏ మ్యాక్‌కి, ఏ ఐపీ, ఏ వీలాన్‌లో (నెట్‌వర్క్ విభాగంలో), ఏ పోర్టులో, ఎంతసేపటికి ఇచ్చారో స్విచ్ ఒక పట్టీ రాసుకుంటుంది. ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ ఆ పట్టీ చూసి దొంగ ఏఆర్‌పీ జవాబుల్ని పారేస్తుంది. సోర్స్ గార్డ్ అదే పట్టీ చూసి, ఆ పోర్టుకి రాసిపెట్టిన అడ్రస్ కాకుండా వేరే అడ్రస్‌తో వచ్చే ప్యాకెట్‌ని లోపలికే రానివ్వదు. కానూరు హాస్టల్లో ఇది ఉండి ఉంటే ఆ శనివారం రాత్రి చేత్తో టైప్ చేసిన 10.20.4.57 గోడ దాటి వచ్చేదే కాదు.

వీటిని ఆన్ చేయడం తేలికే. వరస తప్పితే మాత్రం బిల్డింగ్ అంతా పడిపోతుంది. మనలో చాలామంది ఒకసారి పెట్టి, గొడవై, తీసేసి, మళ్లీ దాని జోలికి వెళ్లకపోవడానికి కారణం అదే. అందుకని నేను పడ్డ గుంటలన్నీ చెప్తాను.

మొదటిది అప్‌లింక్ ట్రస్ట్ మర్చిపోవడం. అంతస్తు మొత్తానికి అడ్రస్‌లు రావడం ఆగిపోతాయి. ముందు ట్రస్ట్ కొట్టి, తర్వాత స్నూపింగ్ ఆన్ చేయండి. దూరం నుంచి చేస్తుంటే సిస్కోలో పది నిమిషాల తర్వాత రీలోడ్ అయ్యేలా ముందే పెట్టుకుని, సేవ్ చేయకుండా మార్పులు చేయండి. తేడా వస్తే స్విచ్ దానంతట అదే పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. బాగుంటే రీలోడ్ రద్దు చేసి సేవ్ చేసుకోవచ్చు. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ ఉంది.

రెండోది ఆప్షన్ 82. నన్ను ఒక రాత్రంతా ఏడిపించింది ఇదే. స్నూపింగ్ ఆన్ కాగానే సిస్కో స్విచ్ ప్రతి డీహెచ్‌సీపీ అభ్యర్థనకీ తన చీటీ ఒకటి అంటిస్తుంది. పైన కోర్ స్విచ్‌లో కూడా స్నూపింగ్ ఉండి, కింది స్విచ్ వచ్చే పోర్టు ట్రస్ట్ కాకపోతే ఆ చీటీ చూసి ప్యాకెట్‌ని పారేస్తుంది. సిస్కో రూటర్నే డీహెచ్‌సీపీ సర్వర్‌గా వాడినా ఇలాగే పారేసే అవకాశం ఉంది. అన్నీ సరిగ్గానే కనబడతాయి, అడ్రస్ మాత్రం రాదు. మన చిన్న సైట్లలో ఆ చీటీ అవసరం లేదు, యాక్సెస్ స్విచ్‌లో దాన్ని ఆపేయండి.

మూడోది తొందర. స్నూపింగ్ పెట్టిన రోజే ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ పెట్టకండి. పట్టీ ఖాళీగా ఉంటుంది, పాత లీజుల మీద నడుస్తున్న వాళ్లందరూ దొంగల్లా కనబడతారు. కనీసం ఒక లీజు కాలం ఆగండి. విండోస్ సర్వర్‌లో మామూలుగా లీజు 8 రోజులు, సిస్కో రూటర్‌లో ఒక రోజు. లీజు తగ్గించుకుంటే త్వరగా నిండుతుంది. పట్టీలో ఎన్ని ఎంట్రీలున్నాయో, ఆన్‌లో ఉన్న మిషన్లు ఎన్నో పోల్చి చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

నాలుగోది కరెంటు. మన ఊళ్లలో ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు, యూపీఎస్ బ్యాటరీల సంగతీ చెప్పక్కర్లేదు. స్విచ్ ఆగి లేచిందంటే ఆ పట్టీ పోతుంది. కంప్యూటర్లేమో తమ దగ్గర అడ్రస్ ఉందిగా అని మళ్లీ అడగవు. ఇన్‌స్పెక్షన్ అందరినీ ఆపేస్తుంది. అందుకని పట్టీని ఫ్లాష్‌లోనో వేరే సర్వర్‌లోనో దాచుకోమని స్విచ్‌కి చెప్పాలి. దాచిన పట్టీ పనికి రావాలంటే స్విచ్ గడియారం కూడా సరిగ్గా ఉండాలి, లేకపోతే లీజు గడువుల లెక్క తప్పుతుంది. కాబట్టి నెట్‌లోంచి సరైన టైమ్ తెచ్చుకునే ఎన్‌టీపీ పెట్టండి. సర్వీసులో ఉన్న ఎన్నో స్విచ్‌ల్లో టైమ్ 1993 మార్చి అని చూపిస్తుంటే చూశాను. ఆ టైమ్‌తో పడిన లాగ్ ఎవరికి పనికొస్తుంది?

ఇక చేత్తో ఐపీ ఇచ్చిన పరికరాలు. ప్రింటర్లు, కెమెరాలు, ల్యాబ్ అనలైజర్లు, ఎక్స్‌రే మిషన్లు. ఇవి డీహెచ్‌సీపీ అడగవు కాబట్టి పట్టీలో ఉండవు. వాటికి ఒక్కొక్కదానికీ స్టాటిక్ బైండింగ్, అంటే పట్టీలో చేత్తో శాశ్వత ఎంట్రీ, రాయాలి. నేనైతే వీలైనవన్నీ డీహెచ్‌సీపీకి మార్చి, సర్వర్‌లోనే ఆ మ్యాక్‌కి అడ్రస్ రిజర్వ్ చేస్తున్నాను. రెండు రకాలుగానూ లాభం. ఆసుపత్రిలో ఇది చేసేటప్పుడు ల్యాబ్ టెక్నీషియన్‌ని పక్కన పెట్టుకుని, శాంపిల్స్ లేని వేళ చూసుకుని చేయండి. అక్కడ మన తొందర రోగి మీద పడుతుంది.

వైఫై యాక్సెస్ పాయింట్ దిగే పోర్టుని వేరుగా చూడాలి. ఒక్క పోర్టు వెనక ముప్పై, నలభై ఫోన్లుంటాయి. సిస్కోలో నమ్మకం లేని పోర్టుకి ఏఆర్‌పీ హద్దు మామూలుగా సెకనుకి 15 ప్యాకెట్లు. అది దాటితే పోర్టే మూసేస్తుంది. సాయంత్రం హాస్టల్ అంతా ఒకేసారి ఫోన్లు తీస్తే దాటిపోతుంది, వార్డెన్ ఫోన్, మనకు టెన్షన్. అక్కడ హద్దు పెంచండి, మూసుకున్న పోర్టు ఐదు నిమిషాలకు తిరిగి తెరుచుకునేలా రికవరీ పెట్టండి. ఒకే యాక్సెస్ పాయింట్ మీదున్న రెండు ఫోన్ల మధ్య మాటలు స్విచ్ దాకా రాకపోవచ్చు, కాబట్టి అందులో ఫోన్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడకుండా ఆపే క్లయింట్ ఐసోలేషన్ ఆన్ చేయండి.

ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్‌ల పద్ధతి) వాడట్లేదు కదా అని వదిలేయకండి. మనం వాడకపోయినా విండోస్‌లో, ఫోన్లలో అది ఆన్‌లోనే ఉంటుంది. "నేనే రూటర్ని" అని ఒక దొంగ ప్రకటన పంపితే నమ్మేస్తాయి. దానికి ఆర్ఏ గార్డ్ అని ఉంది, 2011లోనే రాసిపెట్టిన పద్ధతి. గదుల పోర్టులన్నిటికీ పెట్టేయండి.

"మ్యాక్ ఫిల్టర్ పెట్టాం, చాలదా?" అని అడిగేవాళ్లున్నారు. చాలదు. విండోస్‌లో కార్డు సెట్టింగులోకి వెళ్లి మ్యాక్ మార్చుకోవడం రెండు నిమిషాల పని. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు వాటంతట అవే వైఫైలో వేరే మ్యాక్ చూపిస్తున్నాయి. మ్యాక్ మనిషికి గుర్తు కాదు. ఎవరైనా వేరేవాడి మ్యాక్ కాపీ కొట్టి డీహెచ్‌సీపీ అడిగితే సర్వర్ అదే ఐపీ ఇచ్చేస్తుంది కూడా. కానీ అప్పుడు స్నూపింగ్ పట్టీలో కొత్త పోర్టు నంబరు పడుతుంది. పోర్టు నుంచి గది తెలుస్తుంది. ఆ పట్టీని, స్విచ్ లాగ్‌ని లాగ్‌లు పోగుచేసే ఒక సిస్‌లాగ్ సర్వర్‌కి పంపి దాచిపెట్టుకుంటే, ఆ హాస్టల్లో నేను చెప్పలేకపోయిన జవాబు చెప్పగలం. ఇంకా గట్టిగా కావాలంటే మనిషినే పాస్‌వర్డ్ అడిగే 802.1ఎక్స్ ఉంది. దానికి ఖర్చూ, నిర్వహణా ఎక్కువ. ముందు ఈ మూడూ చేద్దాం.

లాగ్ సంగతి ఎందుకు ఇంత నొక్కి చెప్తున్నానంటే, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్స్ లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలి. చెప్పాల్సిన ఘటనల పట్టికలో స్పూఫింగ్ (ఇంకొకరి వేషం వేయడం) కూడా ఉంది. లాగ్ దాచడం వరకు చాలామంది మొదలుపెట్టారు, సంతోషం. కానీ దొంగ అడ్రస్‌ని పోర్టు దగ్గర ఆపకుండా దాచిన లాగ్ 180 రోజులున్నా, పదేళ్లున్నా అందులో ఉన్నది ఎవరి పేరో నమ్మలేం. రేపు పోలీసులు వచ్చి ఈ టైముకి ఈ ఐపీ ఎవరిదని అడిగితే మనం ఇచ్చేది ఒక మనిషి మీద సాక్ష్యం. నేనిచ్చిన మొదటి కాగితం అబద్ధపు సాక్ష్యం. నాకు తెలియక ఇచ్చాను, అయినా అది అబద్ధమే.

కేబుల్ నెట్ నడిపే అన్నలకు రెండు మాటలు. మన వినియోగదారుడి ఇంట్లోంచి మనం ఇవ్వని అడ్రస్‌తో బయల్దేరిన ప్యాకెట్ బయటికి పోనివ్వకూడదని 2000 సంవత్సరం మే నెలలోనే ఆర్ఎఫ్‌సీ 2827గా రాసిపెట్టారు, అందరూ బీసీపీ 38 అంటారు. పోనిస్తే ఏమవుతుందో ప్రపంచం చూసింది. 2013లో స్పామ్ మెయిళ్లను అడ్డుకునే స్పామ్‌హాస్ సంస్థ మీద సెకనుకి 300 గిగాబిట్ల దాడి, 2018 ఫిబ్రవరిలో ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ మీద 1.35 టెరాబిట్ల దాడి జరిగాయి. రెండింట్లోనూ ఎవరో బాధితుడి అడ్రస్‌ని తమదిగా రాసి ప్రశ్నలు పంపారు, ఎక్కడెక్కడి సర్వర్లో వాటి పెద్ద పెద్ద జవాబుల్ని ఆ బాధితుడి మీద కుమ్మరించాయి. మీ ఓఎల్‌టీల్లో (ఇళ్ల ఫైబర్ లైన్లు వచ్చి కలిసే పెట్టెల్లో) చాలావాటికి డీహెచ్‌సీపీ స్నూపింగ్, ఐపీ సోర్స్ గార్డ్ ఉన్నాయి. రూటర్‌లో ప్యాకెట్ అడ్రస్ అది వచ్చిన దారిదేనా అని చూసే రివర్స్ పాత్ చెక్ ఉంటుంది. రాత్రి ట్రాఫిక్ తక్కువున్నప్పుడు ఒక్కో పాన్ పోర్టూ (ఓఎల్‌టీలో ఫైబర్ దిగే పోర్టు) చొప్పున ఆన్ చేసుకుంటూ రండి.

యాజమాన్యాలకు కూడా ఒక విన్నపం. సూర్యారావుపేట ఆసుపత్రులు, బ్రాడీపేట కోచింగ్ సెంటర్లు, ఆటోనగర్ ఆఫీసులు, మీరు కొటేషన్‌లో స్విచ్ ధర ఒక్కటే చూసి తక్కువవాడికి ఇస్తారు. అందుకే మావాళ్లు కాన్ఫిగర్ చేయడానికి వీల్లేని అన్‌మేనేజ్డ్ స్విచ్ వేసి వెళ్లిపోతారు, దాంట్లో ఇవేవీ ఉండవు. ఇకనుంచి బిల్లు పాస్ చేసే ముందు పని చేసినవాణ్ని కూర్చోబెట్టి, చిన్న రూటర్ ఒకటి దాని లాన్ పోర్టు నుంచి గోడలో పెట్టించి చూడండి. పక్క సిస్టమ్‌కి దాని అడ్రస్ వస్తే పని పూర్తి కాలేదు. తర్వాత ఒక ల్యాప్‌టాప్‌లో వేరేవాళ్ల ఐపీ టైప్ చేయించండి. నెట్ వస్తే పని పూర్తి కాలేదు. ఈ రెండూ చూడటానికి మీకు ఇంజనీరింగ్ రానక్కర్లేదు. ఈ పనికి అదనంగా ఒక రోజు కూలి అడిగితే ఇవ్వండి. అది న్యాయమైన కూలి.

మనవాళ్లు అడిగే ప్రశ్న నాకు తెలుసు. 'ఎవరూ అడగట్లేదు కదా, అడగని పని ఎందుకు చేయాలి, ఆన్ చేశాక వచ్చే కంప్లైంట్లకు ఎవరు తిరగాలి?' నిజమే, మొదటి పది రోజులు తిరగాలి. కానూరు హాస్టల్లో నేను తిరిగాను. మొదటి వారం పదకొండు ఫోన్లు వచ్చాయి. అందులో సగం చేత్తో ఐపీ పెట్టుకున్న కుర్రాళ్లవే, ఒకటి వార్డెన్ గారి ప్రింటర్. మూడో వారానికి ఒక్కటి కూడా రాలేదు. 'నెట్ కట్ అవుతోంది' అనే పాత కంప్లైంట్ కూడా ఆగిపోయింది, నెట్‌కట్ ఆట ఇక సాగట్లేదు కాబట్టి.

నేను చూసే సైట్లలో ఇంకా తొమ్మిదింట్లో ఈ పని మిగిలి ఉంది. సంక్రాంతి లోపు అన్నీ పూర్తి చేస్తాను. సిస్కో, మైక్రోటిక్, టీపీలింక్ స్విచ్‌లకి నేను వాడే కాన్ఫిగ్ ఫైళ్లు పాస్‌వర్డులు తీసేసి సిద్ధంగా పెట్టాను. మీలో చాలామంది దగ్గర నా నంబరు ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు గుంటూరులోనే ఉంటాను. మొదటిసారి చేయడానికి భయమనిపిస్తే ఖాళీ స్విచ్ ఒకటి పట్టుకుని రండి, ఇద్దరం కూర్చుని ఆన్ చేద్దాం. వచ్చేటప్పుడు కన్సోల్ కేబుల్ మర్చిపోకండి.

ఇట్లు,
మీ తోటి పనివాడు,
అరండల్‌పేట, గుంటూరు